బండికి తోక కడదామా వద్దా – కాటన్ దొర కాలవ గట్టు మీద ఒక లెక్క

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళే ముందు ఆఫీసులో ముగ్గురం కలిసి ఒక ప్లానేశాం. రాజమండ్రిలో బయల్దేరి ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక, లొల్ల లాకులు, రావులపాలెం, పి.గన్నవరం, రాజోలు, అంతర్వేది. తిరిగొస్తూ సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నర్సాపురం. నాలుగు రోజులు, మోటార్ సైకిళ్ళ మీద. ఇంతవరకూ బానే ఉంది. సామాన్ల లిస్టు రాయడం మొదలెట్టాక తెలిసింది అసలు సంగతి. రెండు టెంట్లు, స్టవ్వు, గిన్నెలు, నీళ్ళ క్యాన్లు, కెమెరా, పైగా లాప్ టాప్ (మేనేజరు ఊరుకోడట). ఆ కుప్ప చూస్తే పెళ్ళివారి విడిదిల్లు గుర్తొచ్చింది.

"ట్రెయిలర్ కట్టేద్దాం" అన్న ఐడియా నాదే. అమెరికాలో పెద్ద పెద్ద బైకుల వెనక ముద్దుగా చిన్న పెట్టెబండ్లు పోతుంటాయి కదా, వీడియోల్లో చూసీ చూసీ బుర్ర పాడైంది. ఊళ్ళో వెల్డింగ్ షాపాయన్ని అడిగితే "ఆయ్, దాందేముందండీ, రెండ్రోజుల్లో చేసిచ్చేత్తాను. బుల్లెట్టు కదండీ, ఏనుగునైనా లాగేత్తది" అన్నాడు. చేసిచ్చాడు కూడా. రెండు చక్రాలు, ఇనప పెట్టె, ముందు ఒక పొడుగాటి రాడ్డు.

అరుగు మీద కూచున్న తాతయ్య దాన్ని అటూ ఇటూ చూసి ఒకటే ప్రశ్న అడిగారు. "లాగుద్దిలేరా. ఆగమంటే ఆగుద్దా?"

తాతయ్య చిన్నప్పుడు ఈ కాలవల్లో రాదారి పడవలు తిరిగేవి. రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి ఇంకో ఊరు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గెడ వేసేవారు, అదీ కుదరకపోతే ఇద్దరు ముగ్గురు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగేవారు. పాలగుమ్మి పద్మరాజు గారి 'పడవ ప్రయాణం' చదివినవాళ్ళకి ఆ లోకం తెలిసే ఉంటుంది. మేం బైకు నడుపుదామనుకున్న కాలవ గట్టు రోడ్లున్నాయే, వాటిల్లో చాలామటుకు ఒకప్పుడు పడవలు లాగేవాళ్ళ కాలిబాటలే! అంటే ఈ దారిలో వెనక బరువు కట్టుకుని పోవాలనుకున్న మొదటివాణ్ణి నేనేం కాదన్నమాట.

ఇక్కడ కొంచెం వెనక్కెళ్ళాలి. 1833 ప్రాంతంలో ఈ జిల్లాల్ని కరువు ఊడ్చేసింది. పక్కనే గోదారి పారుతున్నా పొలానికి నీళ్ళు లేవు, తిండిగింజలు మోసుకొచ్చే దారీ లేదు. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలెట్టి 1852కి పూర్తి చేశాడు. నాలుగు ముక్కలుగా, మధ్యలో లంకల్ని కలుపుకుంటూ కట్టారు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మూడు డెల్టాలకి మూడు ప్రధాన కాలవలు. మనం కాటన్ దొరని నీళ్ళిచ్చినాయనగానే గుర్తుపెట్టుకున్నాం గానీ, ఆయన దృష్టిలో కాలవంటే సాగునీటి కాలవ మాత్రమే కాదు, రహదారి కూడా. అందుకే కాలవల మీద పడవలు ఎక్కీ దిగీ పోవడానికి లాకులు కట్టించాడు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీంచి కాలవనే కమానుల మీద దాటించారు.

సరుకు రవాణాకి రైళ్ళకన్నా కాలవలే చవకని ఆయన వాదన. 1854లో భారతదేశంలో పబ్లిక్ వర్క్స్ గురించి రాసిన పుస్తకంలో అదే వాదించాడు, తర్వాత 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందూ అదే చెప్పాడు. తమాషా ఏంటంటే రైలు అంటే తెలీక కాదు. 1837 నాటికే మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ లో రాళ్ళు మొయ్యడానికి పట్టాలు వేయించిన మనిషి. 1840ల్లో ధవళేశ్వరంలో కూడా కొండ రాయిని ఆనకట్ట దగ్గరికి చేర్చడానికి పట్టాల మీద బండ్లు నడిపించాడు. బొంబాయి–ఠాణా రైలు 1853లో అని మనం క్విజ్జుల్లో బట్టీ కొడతాం చూడండీ, దానికి ముందే మన గోదారి గట్టున చక్రాలు పట్టాలెక్కాయి. రెండు రకాలూ వాడి చూసినాయన చివరికి నీళ్ళకే ఓటేశాడు.

ఆయన లెక్కలో దమ్ముంది. ఇంగ్లండు కాలవల మీద ఒక్క గుర్రం ముప్ఫై టన్నుల పడవని లాగేది. అదే గుర్రానికి మామూలు రోడ్డు మీద రెండు టన్నులంటే గగనం. బరువంతా నీళ్ళే మోస్తాయి, లాగేవాడు చేసేది ముందుకి కదపడమే.

కానీ ఆ లెక్కలో ఒక షరతు దాక్కుని ఉంది. వేగం! గట్టు మీద మనిషి నడిచేది గంటకి ఐదు కిలోమీటర్లు. నేను వెళ్దామనుకున్నది అరవై. పన్నెండు రెట్లు. కదిలే వస్తువులో శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి నూట నలభై నాలుగు రెట్లు. ఇంటర్ ఫిజిక్సు, ఎంసెట్ తర్వాత నాకు మొదటిసారి పనికొచ్చింది :-)

తాతయ్య ప్రశ్న ఇదే కదా. రాత్రి కూచుని ఎక్సెల్ షీటేశాను (మనకి అదో జబ్బు). బండి 195 కిలోలు, నేను 75, మొత్తం 270. ట్రెయిలర్ 40, సామాను 60, కలిపి 100. ట్రెయిలర్ బరువులో పదో వంతు కొక్కెం మీద పడాలన్నది మామూలు సూత్రం, అంటే బైకు టైర్ల మీద 280. ట్రెయిలర్ కి బ్రేకుల్లేవు. కాబట్టి 280 కిలోలకి దొరికే పట్టుతో 370 కిలోల్ని ఆపాలి. ఆగే దూరం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. అదీ రోడ్డు పొడిగా ఉంటే. గట్టు మీద ఆరబోసిన ధాన్యం, గడ్డి, ట్రాక్టర్లు వదిలిన బురద... అవి షీటులో ఏ కాలంలో వెయ్యాలో తెలీలేదు.

చట్టం సంగతి కూడా చూశాను. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సైడ్ కార్ మోటార్ సైకిల్ లో భాగం. ట్రెయిలర్ మాత్రం, ఇంజనూ పాడూ లేకపోయినా, తనంతట తనే ఒక 'మోటారు వాహనం'. దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి. వెల్డింగ్ షాపులో పుట్టినదానికి జాతకం ఎక్కణ్ణించి తెస్తాం?

అయినా బుద్ధి ఊరుకోదుగా. పొద్దున్నే ఎవరూ లేవకముందు ఇటికలు నింపి, ఊరవతల కాలవ వంతెన దాకా తీసుకెళ్ళాను. నేరుగా పోయేటప్పుడు రాజాలా ఉంది, వెనక ఏదో ఉందన్న సంగతే మర్చిపోయాను. వంతెన దిగుడులో గట్టు మీదికి తిరగాలి. ఎదురుగా గేదె. బ్రేకేశాను. బండి ఆగుతోంది, ట్రెయిలర్ ఆగట్లేదు. వెనక చక్రాన్ని పక్కకి నెట్టేసింది. బైకు ఒరిగి మలుపు తిరుగుతుంది, రెండు చక్రాల పెట్టె ఒరగదు. కొక్కెం కిర్రుమంది. ఆగేసరికి ముందు చక్రానికీ కాలవకీ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా మిగిలింది. గేదె నన్ను చూసి మళ్ళీ గడ్డి మేసుకుంది.

చాలాసేపు బండి దిగలేదు. కాళ్ళు ఆడలేదు. గోదారి జిల్లాలవాళ్ళకి చెప్పక్కర్లేదు, కాలవలోకి కారో బండో వెళ్ళిపోయిందన్న వార్త మనింట్లో ఎన్నిసార్లు వినుంటామో. ఇంట్లో అమ్మకి ఈ సంగతి ఇప్పటికీ తెలీదు.

ఇటికలు అక్కడే దింపేసి మెల్లగా తోసుకుంటూ ఇంటికొస్తుంటే ఎదురుగా టీవీఎస్ మోపెడ్ మీద ఒకాయన. రెండుపక్కలా కొబ్బరికాయల గెలలు, కాళ్ళ దగ్గర బస్తా. ఎంత బరువేసినా వెనక ఏమీ కట్టలేదు. అటెంత ఇటంత. కావడి! ఆనకట్టకి ముందూ తర్వాతా, పడవలకి ముందూ తర్వాతా, 1900లో హేవలాక్ వంతెన మీద రైలు గోదారి దాటి, తర్వాత బస్సులూ లారీలూ వచ్చి పడవల్ని మూలన పడేశాక కూడా మిగిలింది కావడే. బరువు మనిషితోపాటే ఒరుగుతుంది, మనిషితోపాటే ఆగుతుంది.

లిస్టు మళ్ళీ రాశాం. స్టవ్వు పోయింది, గిన్నెలు పోయాయి (కోనసీమలో వంట చేసుకోవడమేంట్రా అని తాతయ్య నవ్వారు), రెండు టెంట్లు ఒకటయ్యాయి. రెండుపక్కలా సంచులు, ఒక్కో దాంట్లో ఎనిమిదేసి కిలోలు, త్రాసేసి మరీ సర్దాం. లాప్ టాప్ ఉండిపోయింది, మేనేజర్లు కాటన్ దొరకన్నా మొండివాళ్ళు.

ట్రెయిలర్ ని బాబాయి కొబ్బరితోటలోకి పట్టుకెళ్ళాడు. రాడ్డు సగానికి కోయించి చేత్తోనే లాగుతున్నాడు, ఎరువు బస్తాలకి. గంటకి ఐదు కిలోమీటర్లు కూడా ఉండదు.