ఒకే ఊరు, ఒకే ఉద్యోగం, 408 గెలుపులు

1941లో లూసియానా రాష్ట్రం, బేటన్ రూజ్ నగరంలోని ఓ దాణా మిల్లులో గంటకు 25 సెంట్ల కూలికి పనిచేస్తున్న 22 ఏళ్ల పట్టభద్రుడి చెవిన ఒక కబురు పడింది. ఉత్తరాన గ్రాంబ్లింగ్ అనే పల్లెలో నల్లజాతి పిల్లల కోసం నడుస్తున్న చిన్న కళాశాలకు ఫుట్‌బాల్ కోచ్ కావాలట. జీతం నెలకు 63 డాలర్ల 75 సెంట్లు. ఎడ్డీ రాబిన్‌సన్ వెళ్లి చేరారు. 1997 దాకా ఆ కొలువు వదల్లేదు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికా వాళ్ల ఆట. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకన పెట్టుకుని పరిగెడుతూ, ఎదుటివాణ్ని గుద్ది పడేస్తూ సాగుతుంది. అక్కడ కాలేజీ జట్ల మ్యాచ్‌లకూ లక్షమంది పట్టే స్టేడియాలు నిండిపోతాయి. రాబిన్‌సన్ పెరిగిన బేటన్ రూజ్‌లోనే లూసియానా స్టేట్ యూనివర్సిటీకి అలాంటి పెద్ద జట్టుంది. తండ్రి పంటలో వాటాకు పరాయి పొలం దున్నేవాడు, తల్లి ఇళ్లలో పనిచేసేది. ఆ కుర్రాడికి ఆ యూనివర్సిటీలో సీటు దొరక్కపోవడానికి కారణం మాత్రం పేదరికం కాదు, ఒంటి రంగు. ఆ జట్టులోకి నల్లజాతి ఆటగాళ్లు రావడానికి 1970ల ఆరంభం దాకా పట్టింది. ఆయన లీలండ్ అనే చిన్న కళాశాలలో ఆడి, చదివి, డిగ్రీ పుచ్చుకున్నారు.

మొదటి ఏడాది మూడు గెలుపులు, ఐదు ఓటములు. మరుసటి ఏడాది తొమ్మిదికి తొమ్మిదీ గెలవడమే కాదు, ప్రత్యర్థులకు ఒక్క పాయింటూ ఇవ్వలేదు. అంతలో యుద్ధం కుర్రాళ్లను ఎత్తుకుపోయింది. 1943, 44ల్లో కళాశాలకు జట్టే లేదు. ఊళ్లోని హైస్కూలు పిల్లలకు ఆట నేర్పుతూ గడిపారాయన. పత్తి తీతకు రమ్మని ఓ తండ్రి తన కొడుకులను ఆట మాన్పిస్తే, రాబిన్‌సన్ జట్టు మొత్తాన్నీ చేలోకి దింపి పత్తి తీయించి, వాళ్లను వెనక్కి తెచ్చుకున్నారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

తొలినాళ్లలో కోచ్ అంటే అన్నీ ఆయనే. మైదానంలో సున్నం గీతలు గీయడం, ఆటగాళ్ల చీలమండలకు పట్టీలు చుట్టడం, రాత్రి కూర్చుని మ్యాచ్ వార్త రాసి పత్రికలకు పంపడం. దారిలోని హోటళ్లలో నల్లవాళ్లకు తిండి పెట్టరు కాబట్టి ఊరు కదిలేముందు శాండ్‌విచ్‌లు కట్టుకోవాల్సిందే. తెల్లారగానే ఆవు మెడలో కట్టే గంట మోగిస్తూ హాస్టల్ వరండాల్లో తిరిగేవారు. ఆటకు లేపడానికి కాదు, క్లాసుకు లేపడానికి.

1949లో ఆయన శిష్యుడు ట్యాంక్ యంగర్ లాస్ ఏంజిలిస్ రామ్స్‌లో చేరాడు. నల్లజాతి కళాశాలల నుంచి జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో అడుగుపెట్టిన మొదటివాడు అతనే. ఆ తర్వాత గ్రాంబ్లింగ్ నుంచి 200 మందికి పైగా వృత్తి క్రీడాకారులు వచ్చారు. అయినా ఒక స్థానం మాత్రం చిక్కలేదు. మైదానంలో వ్యూహం నడిపేది క్వార్టర్‌బ్యాక్. ఆ బుర్ర నల్లవాళ్లకు ఉండదని లీగ్ పెద్దల నమ్మకం. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా వెలిగిన నల్లజాతి కుర్రాళ్లను లీగ్‌లోకి రాగానే వేరే స్థానాలకు మార్చేసేవారు. రాబిన్‌సన్ పట్టుబట్టి జేమ్స్ హారిస్‌ను ఆ స్థానానికే తయారుచేశారు. 1969లో బఫెలో బిల్స్ జట్టు సీజన్ తొలి మ్యాచ్‌ను క్వార్టర్‌బ్యాక్‌గా మొదలుపెట్టింది హారిసే. 1988 జనవరి 31న మరో శిష్యుడు డగ్ విలియమ్స్ లీగ్ తుదిపోరైన సూపర్ బౌల్‌లో వాషింగ్టన్ జట్టును నడిపించాడు. మొదటి పావు వంతు ఆట ముగిసేసరికి డెన్వర్ 10-0తో ముందుంది. రెండో పావులో విలియమ్స్ పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ పాస్‌లు నాలుగు విసిరాడు. తుది స్కోరు 42-10. నన్నడిగితే రాబిన్‌సన్ గెలుపుల చిట్టాలో మొదట రాయాల్సింది, ఆయన కోచ్‌గా లేని ఈ మ్యాచే.

చిట్టా సంగతికొస్తే, 1985 అక్టోబరు 5న డాలస్‌లో ప్రెయిరీ వ్యూపై గెలిచి 324 విజయాలతో అలబామా కోచ్ బేర్ బ్రయంట్‌ను దాటారు. గ్రాంబ్లింగ్ ఆడింది చిన్న జట్లతో కదా, ఈ పోలిక చెల్లదని గొణిగినవాళ్లున్నారు. బ్రయంట్ జట్టులో 1970 దాకా ఆడినవాళ్లంతా తెల్లవాళ్లే. గ్రాంబ్లింగ్‌తో ఆడే వీలే లేని రోజుల్లో ఎవరు పెద్దో తేల్చేదెలా?

తమాషా ఏమిటంటే, ఆయన కోరుకున్న మార్పే ఆయన జట్టుకు గండి కొట్టింది. 1970ల్లో దక్షిణాది పెద్ద యూనివర్సిటీలు నల్లజాతి ఆటగాళ్లకు తలుపులు తెరిచాయి. అప్పటిదాకా గ్రాంబ్లింగ్ తప్ప గతిలేని ప్రతిభ, పెద్ద మైదానాలూ టీవీ కెమెరాలూ ఉన్న చోటికి తరలిపోయింది. 1995లో 400వ గెలుపు వచ్చినా ఆ ఏడాది గెలుపులకన్నా ఓటములే ఎక్కువ. తర్వాతి రెండేళ్లూ మూడేసి విజయాలే. ఇక తప్పుకోవాలన్న మాట పూర్వవిద్యార్థుల్లోనే వినిపించింది. 55 సీజన్లలో 408 గెలుపులు, 165 ఓటములు, 15 డ్రాలతో 1997లో ఆయన సెలవు తీసుకున్నారు. 2007లో కన్నుమూశారు.

అంత కాలం తర్వాత ఖాళీ అయిన కుర్చీలో 1998లో కూర్చున్నది డగ్ విలియమ్స్. 2000 నుంచి వరుసగా మూడేళ్లు గ్రాంబ్లింగ్‌ను తమ కళాశాలల కూటమి (కాన్ఫరెన్స్)లో చాంపియన్‌గా నిలిపాడు.