బంగారు పాము

బంగారము మాట యెత్తగానే మన ఆండర్సన్‌పేట వారికి గనులే కండ్లకు గట్టును. ఆ గనులు 2001లో మూతబడినవి. కాని మన తెలుగు ‘బంగారు’ మాట వేరొక దారిని ప్రపంచశాస్త్రములో చేరి నేటికిని నిలిచియున్నది. ఆ కథ గనిలోది కాదు, పుట్టలోది.

పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణమున నుండి మన తీరపు పాములను సేకరించెను. ఏ పాము విషము గలదో, ఏది కాదో జనులకు తెలుపవలెనని ఆయన సంకల్పము. 1796లో లండనులో అచ్చయిన ఆయన గ్రంథములో ఇక్కడివారు చెప్పిన పేర్లే చేరినవి. పసుపు, నలుపు పట్టెల పాము ‘బంగారు పాము’. తరువాత రస్సెల్ పేరనే ప్రసిద్ధికెక్కిన రక్తపింజరి ‘కాటుకరేకుల పొడ’. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదెన్ ఆ మొదటి పేరునే పట్టుకొని ఆ జాతికంతకు ‘బంగారస్’ అని పేరు పెట్టెను. మన కట్లపాము కూడ ఆ జాతిలోనిదే.

1963లో తైవానులో చాంగ్, లీ అను శాస్త్రజ్ఞులు అచ్చటి కట్లపాము విషమునుండి ఒక పదార్థమును వేరుచేసిరి. దాని పేరు ఆల్ఫా బంగారోటాక్సిన్.

అది చేయు పని తెలియవలెనన్న మన దేహములోని గేట్ల సంగతి తెలియవలెను. ప్రతి జీవకణము చుట్టును పలుచని పొర యున్నది. సోడియము, పొటాసియము వంటి లవణకణములు రాకపోకలు చేయుటకు అందులో సన్నని ద్వారములున్నవి. గేట్లన్నియు ఒక తీరున తెరువబడవు. కొన్ని విద్యుత్తు మార్పునకు తెరచుకొనును. నరము వెంట వార్త పరుగెత్తునది వీనివలననే. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ సముద్రజీవియగు స్క్విడ్ నరముపై దీనిని లెక్కగట్టి చూపిరి. కొన్ని ఒత్తిడికి తెరచుకొనును. స్పర్శను తెలుపు అట్టి ‘పియెజో’ ద్వారములు 2010లో బయటపడెను. మరికొన్ని రసాయనపు తాళపుచెవికి తెరచుకొనును. నరము కొసనుండి వచ్చిన ఎసిటైల్‌కోలిన్ అణువులు రెండు కూర్చుండగానే కండరపు గేటు తెరచుకొని సోడియము లోనికి దూకును, కండరము కదలును.

బంగారోటాక్సిన్ ఆ తాళపుచెవి స్థానములో తానే కూర్చుండి వదలదు. గేటు మూసినది మూసినట్లే యుండును. ఆ పట్టుదలయే శాస్త్రజ్ఞులకు ఉపకరించినది. 1970 ప్రాంతమున విద్యుత్తు చేపల అవయవములనుండి ఆ గేటును ఈ విషము సాయముననే పట్టి వేరుచేసిరి. 1973లో మయస్తీనియా రోగుల కండరములలో గేట్లు తగ్గియుండుటను దీనితోనే లెక్కించి కనుగొనిరి. చంపు విషమే రోగకారణమును చూపెను.

ఇక మన ఇంటి సంగతి. కట్లపాము రాత్రివేళ, నేలపై పడుకొన్నవారిని కరచును. నొప్పి, వాపు ఉండకపోవచ్చును. తెల్లవారుసరికి రెప్పలు వాలును, మ్రింగుడు పడదు, మాట ముద్దయగును. దాని విషము నరము కొసలను కూడ చెరచును. తుదకు ఊపిరి కండరములు నిలుచును. రోగికి తెలివి యుండవచ్చును, చెప్పుకొన నోరుండదు. అట్టివానిని చచ్చెనని వదలుట ఘోరము. వెంటనే విషహరపు ఇంజక్షను, అవసరమైన యెడల యంత్రముచే ఊపిరి అందిన యెడల గేట్లు మరల పనిచేయువరకు ప్రాణము నిలుచును. మంత్రము కొరకు పోయిన గంట తిరిగి రాదు.

రస్సెల్‌కు ఆ పాము పేరు చెప్పినవారెవరో గ్రామీణులు. వారి పేర్లు మిగులలేదు, వారి మాట మిగిలినది. ఈ ఉగాదినుండి మన ఇండ్లలో మంచమో, దోమతెరయో ఏర్పరచుకొని, ఆసుపత్రి దారి పిల్లలకు సైతము నేర్పుదము. ఎల్లరకు శుభమగుగాక!