కెనోపీ టెంట్

కెనోపీ టెంట్ అనగా బహిరంగ కార్యక్రమాలలో ఎండవానల నుండి రక్షణ కొరకు వేసే మడత పందిరి. కత్తెర ఆకారపు ఊచల చట్రాన్ని నాలుగు వైపులా లాగితే ఇది నిలబడుతుంది. 10 అడుగుల చదరం సాధారణ పరిమాణం.

ఎంపిక

ఉక్కు చట్రం చవకైనది, బరువైనది. పూత పోయినచోట తుప్పు పడుతుంది. అల్యూమినియం తేలికైనది, ఖరీదు ఎక్కువ. కాళ్ళ గొట్టాలు మందంగాను, కీళ్ళు లోహంతోను ఉన్నవి ఎక్కువకాలం మన్నుతాయి. పైగుడ్డకు నీరు ఇంకని పూత, మూలలలో రెట్టింపు కుట్టు అవసరం.

భద్రత

గాలి వేగం రెట్టింపైతే పందిరిపై ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. కావున ప్రతి కాలినీ మేకులతో గాని, ఇసుక బస్తాలతో గాని బిగించాలి. 2019 జూన్ 23న రాజస్థాన్‌లోని జసోల్‌లో ఈదురుగాలికి పెద్ద సభా పందిరి కూలి, విద్యుత్తు ప్రసరించి 14 మంది మరణించారు. గాలివాన సూచన కనిపించగానే జనాన్ని బయటకు పంపి, విద్యుత్తు ఆపి, పందిరిని మడిచివేయడం శ్రేయస్కరం.