ఒక్క అక్షరం వెనక ఒక సంఘం

కల్చర్ రిపోర్టు ఎప్పుడైనా పరీక్షగా చూశారా? ఒక్కో యాంటీబయాటిక్ పేరు పక్కన ఒకే అక్షరం ఉంటుంది. ఎస్ అంటే మందు పనిచేస్తుందని, ఆర్ అంటే బాక్టీరియా దానికి లొంగదని, ఐ అంటే మధ్యస్థమని. డాక్టరు మందు రాసేది ఆ అక్షరాన్ని చూసే. కానీ అది బ్లడ్ గ్రూపులాంటిది కాదండీ! బాక్టీరియా పెరుగుదలను ఆపడానికి కనీసం ఎంత మందు కావాలో ల్యాబులో కొలుస్తారు. ఆ అంకె ఎంత దాటితే ఆర్ అనాలో మనుషులే కూర్చుని గీత గీస్తారు.

యూరప్‌లో ఒకప్పుడు ఆ గీత దేశానికొకటి. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్, నార్వే, ఎవరి కమిటీ వాళ్ళదే. సరిహద్దు దాటితే అదే బాక్టీరియాకు వేరే అక్షరం పడొచ్చు. ఇక ఏ దేశంలో మందులకు లొంగని బాక్టీరియా ఎక్కువో పోల్చి చెప్పడం ఎలా?

1983లో పుట్టిన యూరప్ క్లినికల్ మైక్రోబయాలజీ, అంటువ్యాధుల నిపుణుల సంఘం ఏటా సభలు పెడుతుంది, పత్రిక నడుపుతుంది. ఆ పనులు ఏ సంఘమైనా చేస్తుంది. నా దృష్టిలో అసలు ఘనకార్యం 1997లో అది మొదలుపెట్టిన యూకాస్ట్ కమిటీ. 2002లో దాన్ని మార్చి, దేశాల కమిటీలకు అందులో చోటిచ్చారు. వాళ్ళు ఒక్కో మందునూ ముందేసుకుని, అందరికీ ఒకే గీత కుదిర్చారు. ఆ పట్టికలను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఓపెన్ సోర్స్ మీద బతికే నాబోటివాడికి ఇది చిన్న విషయం కాదు.

2019లో ఐ అక్షరానికి అర్థమే మార్చేశారు. ఇప్పుడది మధ్యస్థం కాదు, డోసు పెంచితే పనిచేస్తుందని. అక్షరం అదే ఉంచి అర్థం మార్చడం మా కోడ్ రివ్యూలో అయితే ససేమిరా ఒప్పుకోరు! పాత అలవాటుతో ఐ చూసి, పనికొచ్చే మందును పక్కనపెట్టి ఇంకా బలమైనది రాసే ప్రమాదం ఉంది.

మన దేశంలో చాలా ల్యాబులు అమెరికా సంస్థ సిఎల్ఎస్ఐ పట్టికలు వాడతాయి. మూత్రంలో దొరికే ఈ.కోలైనే తీసుకోండి. సిప్రోఫ్లాక్సాసిన్ కొలత 1 వస్తే, 2018లో ఆ పట్టిక ప్రకారం ఎస్. ఇక్కడ యూకాస్ట్ ప్రకారం ఆర్! అమ్మానాన్నల రిపోర్టులు పట్టుకుని విమానాలెక్కే మనలాంటి వాళ్ళకి ఇది తమాషా కాదు. మరుసటేడు అమెరికా వాళ్ళు కూడా తమ గీతను 1 నుంచి 0.25కి దించారు.