షికారుకి వెళ్ళొద్దామా?

సాయంత్రం పనులు తెమిలాక "అలా షికారుకి వెళ్ళొద్దామా?" అని మీరు అన్నారనుకోండి. ఇంట్లోవాళ్ళకి ఏ ట్యాంకుబండో, బీచి రోడ్డో, పార్కో గుర్తుకొస్తుంది. ఒకసారి మా పక్కింటి ఉత్తరాది ఆవిడతో నేనీ మాటే అంటే ఆవిడ తెల్లబోయింది. "మీరు షికారు చేస్తారా? దేన్ని?" అని అడిగింది. ఆవిడ తప్పేం లేదు. హిందీ, ఉర్దూల్లో షికారు అంటే ఈనాటికీ వేటే!

అసలిది పారశీక పదం. 1518 నుంచి 1687 వరకూ గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీల కొలువులో పారశీకానికి పెద్దపీట. ఆ తర్వాత మొగలాయీలు, నిజాములు వచ్చారు. బజారు, దుకాణం, రోజు వంటి మాటలు ఆ భాషనుంచే మన ఇళ్ళలోకి వచ్చి, పరాయివన్న సంగతే మరిపించాయి. షికారూ ఆ కోవలోదే. దొరలు గుర్రాలెక్కి, పరివారంతో అడవికి బయల్దేరితే జంతువు దొరికినా దొరక్కపోయినా చల్లగాలీ, కాలక్షేపమూ దక్కేవి. వేటకి మనకు వేట అనే మాట ముందే ఉంది. అందుకే కాబోలు, తెలుగువాళ్ళు షికారులోంచి వేటను వదిలేసి విహారాన్ని ఉంచుకున్నారు.

మన పుస్తకాల్లో దీనికి "వాహ్యాళి" అని మరో మాట ఉంది. ఇది సంస్కృతం. వాహం అంటే గుర్రం. వాహ్యాళి అంటే మొదట గుర్రాలను పరుగెత్తించే మైదానం. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన "మానసోల్లాసం"లో గుర్రాల వాహ్యాళి, ఏనుగుల వాహ్యాళి రాజవినోదాలుగా కనిపిస్తాయి.

చూశారా! ఒకటి గుర్రాల మైదానం, ఇంకొకటి వేటాడే అడవి. రెంటిలోనూ మామూలు ఇల్లాలికి చోటు లేదు. మా అమ్మమ్మ గడప దాటిందంటే గుడికో, పేరంటానికో, ఎవరి పురిటికో. ప్రతిదానికీ ఒక పని పేరు చెప్పాలి. ఊరికే వెళ్ళొస్తానంటే ఒప్పుకునేవారు కాదు. 1957లో వచ్చిన "తోడికోడళ్ళు" చిత్రంలో కారులో షికారు వెళ్ళే అమ్మాయిని ఉద్దేశించిన పాట మీకు గుర్తుండే ఉంటుంది. మాట ఆడదాని దాకా వచ్చింది, అయితే కారున్న ఆడదాని దాకానే! ఇప్పటికీ మగవాడు వెళితే అది షికారు, ఆడపిల్ల వెళితే "షికార్లు కొడుతోంది" అంటారు. ఆ బహువచనంలో ఎంత ఎత్తిపొడుపు ఉందో గమనించండి.

అమ్మమ్మకి డెబ్బై దాటాక ఒక సాయంత్రం సముద్రపొడ్డుకి తీసుకెళ్ళాను. చాలాసేపు అలలకేసి చూసి, "ఇక్కడికి ఏం పనిమీద వచ్చామే?" అంది.

"పనేం లేదమ్మమ్మా, షికారు" అన్నాను.

కొంచెంసేపు ఆలోచించి, "అయితే తొందరేముంది, ఇంకాసేపు కూర్చుందాం" అంది.

ఈ సాయంత్రం మీరూ చేతిసంచీ ఇంట్లోనే వదిలేసి బయల్దేరండి. ఎక్కడికని ఎవరైనా అడిగితే కూరలకని చెప్పకండి. షికారుకనే చెప్పండి.