ఖబరస్తాన్ హద్దు నుంచి వీధి కాలువ దాకా: ఊరి పటం ఊరివాళ్లే గీసుకోవడం ఎలా?

ఖబరస్తాన్ హద్దు ఎక్కడిదాకా అని అడిగితే చాలా ఊళ్లలో పెద్దవాళ్లు "ఆ చింతచెట్టు దాకా" అంటారు. రేపు ఆ చెట్టు కొట్టేస్తే హద్దు చూపించేవాళ్లు ఉండరు. అందుకే ఊరివాళ్లే కలిసి తమ చోటును కొలిచి, ఫొటో తీసి, పటంగా దాచుకునే కమ్యూనిటీ మ్యాపింగ్ పనికొస్తుంది. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిన చోడవరం లాంటి చోట కూడా ఈ పని తక్కువ ఖర్చుతో మొదలుపెట్టవచ్చు.

ఈ పద్ధతి ఎక్కడిది?

1888లోనే ఫ్రాన్స్‌లో ఆర్థర్ బాటూ గాలిపటానికి కెమెరా కట్టి ఫొటోలు తీశాడు. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు ఒలికినప్పుడు అక్కడి తీరవాసులు, వాలంటీర్లు బెలూన్లకు, గాలిపటాలకు మామూలు డిజిటల్ కెమెరాలు కట్టి నష్టాన్ని రికార్డు చేశారు. ఆ కృషి నుంచే పబ్లిక్ ల్యాబ్ అనే సంస్థ పుట్టింది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా తమ వీధిని, మసీదును ఉచితంగా చేర్చవచ్చు. మన దేశంలో కూడా 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపింగ్ నిబంధనలను బాగా సడలించింది.

మొదట కాగితం, తర్వాత కాలినడక

ముందు సర్వే నంబరు తెలుసుకోవాలి. మీభూమి పోర్టల్‌లో అడంగల్, ఎఫ్‌ఎంబీ చూడవచ్చు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో ఎఫ్‌ఎంబీకి బదులు ఎల్‌పీఎం ఉంటుంది. దాన్ని చేతిలో పెట్టుకుని ముతవల్లీ, ఊరి పెద్దలు, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కలిసి హద్దు వెంట నడవాలి. సర్వే రాయి, బావి, గోడ మూల దగ్గర ఆగి ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేయాలి. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా సుమారు 5 మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. కాబట్టి టేపుతో కూడా కొలవాలి. ఒక సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, 100 సెంట్లు ఒక ఎకరం.

పై నుంచి ఫొటో

గాలి నిలకడగా వీచే రోజున పెద్ద గాలిపటానికి తేలికైన కెమెరా కట్టి, కొన్ని సెకన్లకో ఫొటో పడేలా పెట్టాలి. చైనా మాంజా నిషేధం. గాజు పూత దారం కూడా వద్దు, గట్టి నూలు దారం వాడాలి. చేతులకు గ్లవ్స్ ఉండాలి. కరెంటు తీగలు, రోడ్డు, జనం ఉన్నచోట అస్సలు ఎగరేయకూడదు.

ఎగరేసే ముందు నేల మీద సరిగ్గా 10 మీటర్ల దూరంలో రెండు తెల్ల గుడ్డలు పరవాలి. ఫొటోలో ఆ దూరం 500 పిక్సెల్స్ వస్తే ఒక్కో పిక్సెల్ 2 సెంటీమీటర్లన్నమాట. దాన్ని బట్టి మిగతా కొలతలు అంచనా వేయవచ్చు.

డ్రోన్ అయితే 2021 డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయి. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ ఏ డ్రోన్ అయినా ముందు ఆ చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూడాలి. విశాఖ ఎయిర్‌పోర్టు నేవీ స్థావరం కూడా కాబట్టి అటువైపు మరింత జాగ్రత్త అవసరం. గాలిపటమైనా, డ్రోన్ అయినా పోలీస్ స్టేషన్‌కు, పంచాయతీకి ముందే చెప్పడం మంచిది.

ఇరుగుపొరుగు హక్కు

పై నుంచి ఫొటో అంటే పక్కవాళ్ల డాబాలు, పెరళ్లు కూడా పడతాయి. ఆడవాళ్లు బట్టలు ఆరేసుకునే వేళ కెమెరా ఎగిరితే ఎవరికైనా ఇబ్బందే. జుమా రోజు మసీదులో చెప్పి, మొహల్లాలో అన్ని మతాల ఇళ్లకూ సమయం తెలియజేయాలి. ఇళ్ల భాగం కత్తిరించాకే ఫొటో ఎవరికైనా పంపాలి. హద్దు పక్క రైతును కొలతకు పిలిస్తే సగం తగువులు అక్కడే తీరతాయి.

దేనికి పనికొస్తుంది?

కేంద్రం 2025 జూన్ 6న ప్రారంభించిన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల కొలతలు, జియోట్యాగ్ లొకేషన్ ఇవ్వాల్సి ఉంటుంది. ముందే కొలిచి ఉంచుకుంటే ఆ పని తేలిక. కాలువ పూడిక, దారి ఆక్రమణ మీద పంచాయతీకి అర్జీ పెట్టినప్పుడు తేదీ ఉన్న ఫొటో జత చేయవచ్చు. అయితే ఇంట్లో గీసిన పటం సర్వేయరు కొలతకు బదులు కాదు. హద్దు మీద గొడవ ఉంటే అధికారిక సర్వేకు దరఖాస్తు చేయాల్సిందే. ఆ రోజు ఏ రాయి ఎక్కడ ఉండేదో చూపించడానికి ఈ పటం అక్కరకొస్తుంది. అందుకే ఏడాదికోసారి మళ్లీ కొలిచి, ఒక కాపీ మసీదు కమిటీ దగ్గర, ఇంకో కాపీ వేరే ఇంట్లో దాచాలి.