గట్క నుంచి సన్నబియ్యం దాకా

జపాన్‌లో సుషీ మొదట విందు భోజనం కాదు. చేప చెడిపోకుండా ఉప్పు పట్టించి, అన్నంలో నెలల తరబడి ఊరబెట్టేవారు. చేప తిని అన్నం పారేసేవారు. 19వ శతాబ్దం తొలినాళ్లకు ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, అప్పటికప్పుడు చేతిలో వత్తి ఇచ్చే వీధి తిండిగా మారింది. ఇప్పుడది ఖరీదైన హోటళ్లకెక్కింది. కాలంతో పాటు తిండి హోదా ఇలా మారుతుంటుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఆ మార్పు తెచ్చింది కాలువ నీళ్లు, చౌక బియ్యం.

కాలువలు రాకముందు ఇక్కడి మామూలు ఇళ్లలో మక్క రవ్వతో వండే గట్క, జొన్నరొట్టె, అంబలే రోజువారీ తిండి. వరి చెరువు కిందో బావి కిందో పండేది. వరన్నం పండుగలకు, చుట్టాలొచ్చినప్పుడు. బియ్యప్పిండి వంటలకు అంత గౌరవం దక్కింది అందుకే. సంక్రాంతికి కొత్త బియ్యం నానబెట్టి, తడిపిండిలో నువ్వులు, వాము కలిపి, బట్ట మీద వేళ్లతో సన్నగా మెలితిప్పుతూ సకినాలు చుట్టేవారు. కాస్త ఆరాక నూనెలో వేయాలి, లేదంటే విరిగిపోతాయి. ఆడబిడ్డ అత్తగారింటికి సకినాలు పంపడం ఇప్పటికీ మర్యాదే.

సర్వప్పకు మాత్రం పండుగ రానక్కర్లేదు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కారం కలిపి, సర్వ అనే గిన్నె లోపలి గోడలకు పలుచగా అద్దుతారు. వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి నూనె వేసి, మూతపెట్టి సన్న మంట మీద కాలుస్తారు. రెండోది అద్దాలంటే సర్వ చల్లారేదాకా ఆగాల్సిందే.

1963 జులై 26న పోచంపాడు ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. తర్వాత శ్రీరాంసాగర్‌గా పేరు మారిన ఆ ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ రావడంతో కోరుట్ల, జగిత్యాల వైపు పొలాలు వరిబాట పట్టాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇవ్వడంతో నీళ్లు లేని ఊళ్లలోనూ గట్క కుండ అటకెక్కింది. జగిత్యాల పక్కనే ఉన్న పొలాస పరిశోధన స్థానం ఉల్లికోడు పురుగును తట్టుకునే ‘జగిత్యాల సన్నాలు’ రకాన్ని రైతులకిచ్చింది. ఒకప్పుడు ఉన్నవాళ్ల ఇంటికే పరిమితమైన సన్నబియ్యాన్ని 2025 ఉగాది నుంచి తెలంగాణ ప్రభుత్వం రేషన్ దుకాణాల్లోనే ఇస్తోంది.

నీళ్లందని సిరిసిల్ల పల్లెల నుంచి నేతగాళ్లు మహారాష్ట్రలోని భీవండి మగ్గాలకు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడుచోట్ల నుంచీ యువకులు గల్ఫ్‌కు వలసపోయారు. వాళ్ల సంచుల్లోకి చాలా రోజులు నిలిచే సకినాలే ఎక్కాయి. ఆరితే గట్టిపడే సర్వప్ప మాత్రం ఇంటి పొయ్యినే నమ్ముకుంది.

ఇప్పుడు చక్కెర వ్యాధి భయంతో పట్నాల్లో సాయంత్రం రోడ్డు పక్క జొన్నరొట్టె కోసం డబ్బులిచ్చి మరీ నిలబడుతున్నారు. పేదల తిండన్న పేరు దానికి పోయింది. వరన్నానికి పండుగ హోదా పోయింది. తిండికి పుట్టుకతో వచ్చే కులమంటూ లేదు. ఏ కాలంలో ఏ పంటకు నీళ్లందాయి, ఏది ఎంత ధర పలికింది అన్నదాన్ని బట్టే దాని పీట ఎత్తు మారుతూ వచ్చింది.